వెదకుడు సూత్రములు – తెలుఁగు వర్ణములు

చంద్రగిరి నామమును సున్నతో ‘చంద్రగిరి’ యనియు, నకారపొల్లుతో ‘చన్ద్రగిరి’ యనియు వ్రాయవచ్చును. ఈ యూరి చరిత్రకై కంప్యూటరులోఁ జేర్చుకొన్న పాఠములలో రెండు రూపములను నొక్కమాఱే వెదకఁగోరి, నే నొక టెక్స్టు ఎడిటరునందు ‘చ[ంన్]ద్రగిరి’ యను సూత్రమును వ్రాసితిని. ఇట్టి సూత్రములకు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషను లని పేరు. చదరపు కుండలీకరణములోని వానిలో నేదేని యొక యక్షరము గ్రహింపఁబడునని మాత్రమే దాని వివరణగ్రంథము చెప్పుచున్నది. సున్న గల రూపము లన్నియు దొరకెను. రెండవరూప మొక్కటియు దొరకలేదు. అది నా పాఠములలో లేదని వ్రాయఁబోవుచుండఁగా, నొక పుటలోఁ గంటఁబడెను.

దోషకారణము తెలియుటకు నీ సూత్రముల పుట్టుక నెఱుఁగవలెను. అమెరికా గణితజ్ఞుఁడు స్టీఫెన్ క్లీనీ 1951లో నాడీజాలముల గణితమును విచారించుచు వీనిని నిర్వచించెను. 1968లో కెన్ థామ్సన్ వీనితోఁ బాఠమును వెదకు పద్ధతిని బ్రకటించెను. వారి ఇంగ్లీషు లిపిలో నొక్కొక్క యక్షరమున కొక్కొక్క సంకేతమే. కావున నక్షర మనఁగా నేమి యను సందేహమునకుఁ జోటు లేదు.

తెలుఁగు లిపి 1991లో యూనికోడునఁ జేరెను. పాణినీయమున హల్లు మూలము. అకారము చేరినపుడు ‘న’ యగును. యూనికోడున ‘న’ యే మూలము. ‘న్’ వ్రాయుటకు నకారము, పొల్లు అను రెండు సంకేతములు వలయును. ‘చంద్రగిరి’ మనకు నాలు గక్షరములు, యంత్రమునకుఁ దొమ్మిది సంకేతములు. నా కుండలీకరణమున సున్న, నకారము, పొల్లు అను మూఁడు సంకేతము లుండెను. యంత్రము వానిలో నకారము నొక్కదానినే గ్రహించి, పిమ్మట దకారమును వెదకెను, పొల్లు ఎదురయ్యెను.

సరియైన సూత్రము ‘చ(ం|న్)ద్రగిరి’. ఇందు నిలువుగీఁత వికల్పమును దెల్పును. ఇదియు నన్ని ఎడిటరులలో నొక్కతీరుగాఁ బనిచేయదు. 1992 నాఁటి పోసిక్స్ ప్రమాణమున రెండు సంప్రదాయము లున్నవి: ఒకదానఁ గుండలీకరణము సంజ్ఞ, వేఱొకదాన నది తన రూపమునే బోధించును. శబ్దము స్వరూపమును బోధించు ననియు, శాస్త్రసంజ్ఞ లందులకుఁ జేర వనియుఁ బాణిని మొదటి యధ్యాయముననే నియమించెను. వివరణకర్తలకును నట్టి నియమ మావశ్యకము.

సూత్రము క్లుప్తమగుట దోషము కాదు. వృత్తి తన పరిభాషను జెప్పకుండుట దోషము. దొరకలేదని యంత్రము చెప్పినంతనే లేదని చరిత్రకారుఁడు వ్రాయరాదు.