కుట్టిన చేతికి వెల తెలిసిన కథ



మన ఇళ్ళల్లో ఒక మాట తరతరాలుగా వినబడుతూనే వుంది. "ఏదో పొద్దుపోక అల్లుతోంది" అని. అమ్మాయి లేసు అల్లినా, అమ్మమ్మ బొంత కుట్టినా అదే మాట. అలాగని మెచ్చుకోకపోరు. వచ్చిన చుట్టాలకు చూపించి మురిసిపోతారు కూడాను. కాని ఆ పనికి ఒక వెల వుందనీ, ఆ వెల చేసినవారి చేతికే రావాలనీ తోచడానికి చాలా కాలం పట్టింది. ఆ సంగతి మన ఆడవాళ్ళకు ఎలా తెలిసివచ్చిందో, అందులో మేళాలు చేసిన మేలేమిటో ఈవేళ చెప్పుకుందాం.

ముందుగా కలకత్తా వెళదాం. రవీంద్రనాథ ఠాగూరు అక్కగారు స్వర్ణకుమారీదేవి పేరు మీలో కొందరు వినే వుంటారు. నవలలు రాశారు, పత్రిక నడిపారు. ఆమె 1886లో 'సఖీ సమితి' అని ఒక సంఘం పెట్టారు. దిక్కులేని వితంతువులకూ, ఆడపిల్లలకూ చదువు చెప్పించి, తమ కాళ్ళమీద తాము నిలబడేలా చెయ్యాలని ఆ సంఘం ఆశయం. ఆశయం బాగానే వుంది, మరి డబ్బేదీ? సభ్యుల చందాలు చాలలేదు. అప్పుడు బెథూన్ విద్యాలయంలో మహిళా శిల్పమేళా జరిపారు. ఢాకా, శాంతిపూర్ చీరలు, కృష్ణనగరం చేతిపనులు, కాశ్మీరు, కాశీ, జయపురం సరుకులు అక్కడ కొలువుతీరాయి. 1888లో ఆ సమితి కోసమే ఠాగూరు 'మాయార్ ఖేలా' అనే గేయనాటిక రాసి యిస్తే, ఆడవాళ్ళే వేషాలు కట్టి ఆడారు. ఘోషా పాటించే రోజుల్లో ఇది చిన్న విషయం కాదు సుమండీ!

మేళా కొన్నాళ్ళకు ముగిసిపోతుంది. తర్వాత ఎలా? స్వర్ణకుమారి కూతురు సరళాదేవి చౌధురాణి స్వదేశీ సరుకుల కోసం 'లక్ష్మీ భండార్' అనే దుకాణమే తెరిచారు. తల్లి మేళా పెడితే కూతురు అంగడి పెట్టిందన్నమాట.

ఇక మన ఊళ్ళకు వద్దాం. పశ్చిమగోదావరి నరసాపురం లేసు గురించి మీకు వేరే చెప్పనక్కరలేదు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఆ అల్లిక ఊరూరా పాకి, ఓడలెక్కి విదేశాలకు పోయింది. కాని అల్లే ఆడవాళ్ళు గడప దాటలేదు. ఏజెంటు దారం ఇచ్చేవాడు, అల్లింది పట్టుకుపోయేవాడు. పువ్వు అల్లే చెయ్యి ఒకటి, అతికే చెయ్యి ఇంకొకటి. పూర్తయిన గుడ్డ ఎలా వుంటుందో, ఎవరు కొంటున్నారో, ఎంతకు కొంటున్నారో ఎవరికీ తెలియదు.

మారియా మీస్ అనే జర్మన్ పండితురాలు అక్కడకు వచ్చి, ఈ స్త్రీల జీవితాన్ని పరిశీలించి 1982లో ఒక పుస్తకం అచ్చువేశారు. ఇంటిచాకిరీ చేసుకుంటూనే రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లేవారికి ముట్టే కూలి ఎంత స్వల్పమో అందులో చూపించారు. వర్తకులు ఏమనేవారో తెలుసా? వీళ్ళు కూలివాళ్ళు కారు, గృహిణులు, తీరిక వేళల్లో అల్లుకుంటారు అని! చూశారా, మనం ముద్దుగా అనుకునే ఆ "పొద్దుపోక" అనే మాటే అక్కడ కూలి తగ్గించే మాటయింది.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ లోటు పూడ్చే ప్రయత్నాలు జరిగాయి. 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల బోర్డుకు కమలాదేవి ఛటోపాధ్యాయ సారథ్యం వహించి, పల్లెల్లోని చేతిపనివారిని వెలుగులోకి తెచ్చారు. 1981లో ఢిల్లీలో 'దస్త్‌కార్' సంస్థ మొదలై, చేసినవారే బల్లవెనక నిలబడి అమ్ముకునే బజార్లు నడిపింది. 1982లో డ్వాక్రా పథకం వచ్చింది. 1999లో ఆ పథకం వేరొకదానిలో కలిసిపోయినా, మన తెలుగునాట ఆ పేరు పోలేదు. డ్వాక్రా బజారంటే తెలియని ఇల్లాలు వుందా! 1994లో తెరిచిన ఢిల్లీ హాట్‌లో చేతిపనివారికి వంతులవారీగా పదిహేనేసి రోజులు స్టాళ్ళిస్తారు. హైదరాబాదులో 1938లో పుట్టిన నుమాయిష్ సంగతి సరేసరి.

మేళాలో బల్లవెనక నిలబడితే ఏం తెలుస్తుంది? లెక్క తెలుస్తుంది. ఒక టేబుల్ గుడ్డ అల్లారనుకోండి. దారానికి 200 రూపాయలు. పని 30 గంటలు. గంటకు 30 రూపాయలే కట్టుకున్నా 900. స్టాలు అద్దె, రానుపోను చార్జీలు, అమ్ముడుపోక తిరిగివచ్చే సరుకు, వీటన్నిటి వాటా మరో 200. మొత్తం 1300. కొనేవారు బేరమాడి 500కు అడిగితే, "పోనీలెండి, ఇంట్లో వూరికే కూర్చునే బదులు" అని ఇచ్చేస్తాం. దారం, ఖర్చులు పోగా మిగిలేది నూరు రూపాయలు. గంటకు మూడు రూపాయల చిల్లర! మన పనిని మనమే పొద్దుపోక చేసే పనిగా జమకట్టుకున్నామన్నమాట.

మేళాల్లో ఇబ్బందులు లేవని అనను. చేసినవారి పేరుతో దళారి స్టాలు వెయ్యడం, మిషను సరుకును చేతిపని అని చెప్పడం కద్దు. వాన కురిస్తే బేరాలుండవు. అందుకే అప్పు చేసి సరుకు పెంచకుండా, ముందు చిన్న మేళాలో నాలుగు రకాలు పెట్టి, ఏది పోతోందో చూసుకోవడం మంచిది. కొనేవారు ఏ రంగు అడిగారో, ఏ కొలత అడిగారో ఒక పుస్తకంలో రాసుకోండి. ఏజెంటు ఎన్నడూ చెప్పని కబురు అది.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు పెట్టుకుని వేరేచోటి సరుకు అమ్మకూడదని దాని అర్థం. సంతోషమే. కాని ఊరికి పేరు వచ్చినంతమాత్రాన అల్లిన చేతికి కూలి పెరగదు. అది పెరగాలంటే అమ్మేచోట అల్లినవారు కూడా వుండాలి. కొనేవారమూ మనమే కనుక, ఈసారి మేళాకు వెళ్ళినప్పుడు బేరమాడే ముందు ఒక్క ప్రశ్న అడుగుదాం. "అమ్మా, ఇది చెయ్యడానికి ఎన్నాళ్ళు పట్టింది?" అని. ఆ జవాబు విన్నాక ఎంత ఇవ్వాలో మన మనసే చెబుతుంది.