దగ్గు తీరును బట్టి హోమియో మందు

చలిగాలులు మొదలైతే పల్లెల్లో ఇంటికొకరు దగ్గుతూ కనిపిస్తారు. హోమియో వైద్యులు దగ్గు తీరును నిశితంగా పరిశీలిస్తారు. పొడిదా, కఫంతో కూడినదా, ఏ వేళ అధికమవుతోంది, దేనితో ఉపశమిస్తోంది అని అడిగి మందును నిర్ణయిస్తారు. ఆరోగ్యవంతునిలో ఏ లక్షణాలను కలిగించే పదార్థమో, ఆ లక్షణాలున్న రోగికి అదే ఔషధమని జర్మనీ వైద్యుడు హానిమన్ 1796లో ప్రతిపాదించారు. ఆంధ్రప్రదేశ్‌లో గుడివాడ, రాజమహేంద్రవరం, కడపలలో ప్రభుత్వ హోమియో వైద్య కళాశాలలు ఉన్నాయి.

హోమియో గ్రంథాలు పేర్కొనే లక్షణాలు ఇవి.

బ్రయోనియా: పొడిదగ్గు. కదిలితే ఎక్కువ. ఛాతీలో పోట్లు రావడంతో రోగి చేత్తో అదిమి పట్టుకుంటాడు. దాహం అధికం.

డ్రోసెరా: తెరలు తెరలుగా, ఊపిరి సలపనీయని దగ్గు. పడుకోగానే, అర్ధరాత్రి దాటాక ఎక్కువ. కోరింత దగ్గుకు హానిమన్ దీనినే సూచించారు.

స్పాంజియా: రంపంతో కొయ్య కోసినట్లు శబ్దం, బొంగురు గొంతు. వేడి పానీయంతో ఉపశమనం.

రూమెక్స్: గొంతు గుంటలో గిలిగింత. చల్లగాలి పీల్చితే దగ్గు, నోరు కప్పుకుంటే తగ్గుదల.

ఇపికాక్: దగ్గుతోపాటు ఎడతెగని వికారం. నాలుక మాత్రం శుభ్రంగా ఉంటుంది.

కాస్టికం: దగ్గినప్పుడు మూత్రం చుక్కలుగా పడుతుంది. చన్నీళ్లు గుక్కెడు తాగితే ఉపశమనం.

యాంటిమోనియం టార్ట్: ఛాతీలో గరగర. కఫం ఉన్నా బయటికి రాదు.

ఇవి సంప్రదాయం చెప్పే పోలికలే గాని, వ్యాధి నిర్ధారణ కాదు. 30 పొటెన్సీ మందు నూటికి ఒక వంతు చొప్పున 30 సార్లు పలుచన చేసినది. అందులో మూలపదార్థం మిగిలే అవకాశం దాదాపు ఉండదు. ఏ వ్యాధిలోనైనా హోమియో మందు పనిచేస్తుందనేందుకు నమ్మదగిన ఆధారం లేదని 2015లో ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి తేల్చింది. మామూలు జలుబు దగ్గు చాలావరకు దానంతటదే తగ్గుతుంది.

కనుక కొన్నిచోట్ల మాత్రలతో కాలయాపన తగదు. పిల్లల ఛాతీలో గరగరతోపాటు ఆయాసం, డొక్కలు ఎగరేయడం ఉంటే అది న్యుమోనియా కావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కోరింత దగ్గు పసికందులకు ప్రాణాంతకం. 6, 10, 14 వారాల వయసులో పెంటావలెంట్ టీకా వేయించాలి. దగ్గు రెండు వారాలు దాటినా, సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం, కఫంలో రక్తం కనిపించినా క్షయ పరీక్ష తప్పనిసరి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కఫం పరీక్ష, మందులు ఉచితం. ఉబ్బసం రోగులు ఇన్‌హేలర్‌ను సొంతంగా ఆపరాదు.