లైనింగు కొట్టిన చెయ్యి

వర్జీనియాలోని హెర్న్‌డన్ ఊళ్ళో పాత రైల్వే డిపో దగ్గర ఒక ఎర్ర కబూస్ ఉంటుంది. మన గూడ్సు బళ్ళ చివర ఉండే గార్డు పెట్టె లాంటిది. పిల్లలు దాని ముందు ఫొటోలు దిగుతారు. నాకు మాత్రం దాన్ని చూసినప్పుడల్లా బ్రేకులే గుర్తొస్తాయి.

1857లో ఎస్.ఎస్. సెంట్రల్ అమెరికా ఓడతో పాటు మునిగిపోయిన కెప్టెన్ విలియం లూయిస్ హెర్న్‌డన్ పేరే ఈ ఊరికి పెట్టారు. ఆ తర్వాత రెండేళ్ళకో మూడేళ్ళకో రైలు వచ్చింది. అప్పట్లో గూడ్సు బండి ఆపాలంటే మనుషులు కదులుతున్న పెట్టెల కప్పుల మీద నడుస్తూ, పెట్టెపెట్టెకీ ఉండే ఇనుప చక్రాన్ని చేత్తో తిప్పి బిగించాలి. వానైనా మంచైనా అంతే. కాలు జారితే పట్టాల మీదే. జార్జ్ వెస్టింగ్‌హౌస్ గాలి బ్రేకు కనిపెట్టింది 1869లో. దాన్ని తప్పనిసరి చేస్తూ అమెరికాలో చట్టం వచ్చింది 1893లో. ఆ మధ్య కాలంలో కప్పుల మీంచి పడిపోయిన బ్రేక్‌మన్ల గురించి కబూస్ పక్కన నిలబడి ఆలోచిస్తే మనసు బరువెక్కుతుంది. ఇక్కడి రైలు 1968లో ఆగిపోయింది. పట్టాలు తీసేసిన దారిలో ఇప్పుడు జనం సైకిళ్ళు తొక్కుతున్నారు.

బండి ఆపడం మా ఇంటి పని. బెజవాడ ఆటోనగర్‌లో మా నాన్న లైనింగు కొట్టేవాడు. లారీలవీ జీపులవీ బ్రేకు షూలు గుట్టగా వచ్చి పడేవి. మహీంద్రా 1947 నుంచి మన దేశంలో బిగించిన విల్లీస్ జీపులకి నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. నాన్న అరిగిన లైనరు రివెట్లను ఉలితో ఎగరగొట్టి, షూకి పట్టిన తుప్పు గీకి, కొత్త లైనరు కూర్చోబెట్టి రాగి రివెట్లు కొట్టేవాడు. ఎప్పుడూ నడిమి బెజ్జం నుంచి మొదలుపెట్టి రెండు చివరలకీ వెళ్ళాలి. చివర నుంచి మొదలుపెడితే లైనరు నడుమ ఉబ్బి, షూని అంటుకోదు. రివెటు తల లైనరు లోపలికి దిగి ఉండాలి, పైకి తేలితే డ్రమ్ముని గాడి కోసేస్తుంది. ఆఖరున రెండు అంచులకీ ఆకురాయి పట్టేవాడు. అలా చేస్తే బ్రేకు కీచుమనదు. తర్వాత నోటితో దుమ్ము ఊదేవాడు. ఆ లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేదని, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి ప్రమాదమని మా సందులో ఎవరూ చెప్పలేదు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది. అమెరికా కూడా 1989లో ఆస్బెస్టాస్‌ని నిషేధిస్తే, 1991లో కోర్టు ఆ నిషేధంలో చాలా భాగం కొట్టేసింది. బ్రేకు సామాన్లలోకి వచ్చే తెల్ల ఆస్బెస్టాస్‌ మీద నిషేధం మళ్ళీ 2024 మార్చిలో గానీ రాలేదు.

బ్రేకుల కీచు శబ్దానికీ ఒక చరిత్ర ఉంది. ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లో ఇంగ్లండులో డిస్కు బ్రేకుకి పేటెంటు తీసుకున్నాడు. తిరిగే రేకుని రెండు వైపుల నుంచీ రాగి ముక్కలతో పట్టి నొక్కడమే దాని కిటుకు. బండి ఆగేది గానీ రాగి త్వరగా అరిగేది, లోహం మీద లోహం అరిచేది. హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన డెర్బీషైర్ కొండల్లో దిగుడులో పోయే గుర్రబ్బళ్ళ వాళ్ళు బ్రేకు దిమ్మకి పాత బూట్లు కట్టడం చూశాడంటారు. 1897లో ఫెరోడో కంపెనీ పెట్టాడు. ఆయన ఇంటిపేరు అక్షరాలకి ఒక E చేర్చి, అటూ ఇటూ మార్చి ఆ పేరు చేశారు. ఆయన ఆస్బెస్టాస్ లైనింగుతోనే ఆ అరుపు తగ్గింది. మా నాన్న ఆకురాయి ఆ కథకి చివరి తునక. డిస్కు బ్రేకు సత్తా లోకానికి తెలిసింది 1953లో, డన్‌లప్ డిస్కులు వేసుకున్న జాగ్వార్ లె మాన్స్ రేసు గెలిచినప్పుడు.

నా బండి టయోటా ఫోర్‌రన్నర్, ఫోర్ వీల్ డ్రైవ్. వర్జీనియాలో 1932 నుంచీ బళ్ళకి తనిఖీ ఉంది. చక్రం విప్పి చూస్తారు. డిస్కు ప్యాడు అంగుళంలో ముప్ఫై రెండో వంతులు రెండింటికన్నా పలచబడితే, అంటే దాదాపు పెన్నీ బిళ్ళ మందానికి దిగితే, పాస్ కాదు. పోయిన వసంతంలో నా బండికి రిజెక్షన్ స్టిక్కరు అంటించారు. బాగు చేయించుకోవడానికి పదిహేను రోజులు గడువు. ముందు చక్రాల ప్యాడ్లూ రోటర్లూ, అంటే డిస్కులూ, మార్చడానికి ఒక గ్యారేజీలో 780 డాలర్లు అడిగారు. సామాన్లు నేనే కొంటే, పిన్నులూ బ్రేకు కడిగే స్ప్రేతో కలిపి 210 అయింది.

ఈ తేడాలోనే నాకు రెండు ఊళ్ళ చరిత్ర కనిపించింది. ఆటోనగర్‌లో చెయ్యి చవక, ఇనుము ఖరీదు. అందుకే షూని ఎన్నేళ్ళయినా పారేయరు, పైన లైనరు మారుస్తారు, డ్రమ్ముని లేత్ పట్టిస్తారు. అమెరికాలో కూడా ఒకప్పుడు రోటర్లని లేత్ పట్టించడం మామూలే. తర్వాత చైనా పోత రోటర్లు ఎంత చవకగా దిగాయంటే, 1997లో వాణిజ్య శాఖ వాటి మీద యాంటీ డంపింగ్ సుంకం వేసింది. ఇప్పుడు లేత్ కూలికి ఇంచుమించు కొత్త రోటరే వస్తుంది. ఇక్కడ డబ్బు మిగలాలంటే మన చేతులే పెట్టాలి.

శనివారం పొద్దున్నే మొదలుపెట్టాను. మాస్కు వేసుకుని, దుమ్ము ఊదకుండా స్ప్రేతో తడిపి దించాను. పిన్నులు లాగి ప్యాడ్లు తీసి, ప్యాడ్లని నొక్కే క్యాలిపర్ బోల్టులు రెండూ విప్పి, బ్రేకు గొట్టం మీద బరువు పడకుండా క్యాలిపర్‌ని తీగతో స్ప్రింగుకి వేలాడదీశాను. రోటరు కదల్లేదు. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పుకి హబ్బుతో కలిసి తుప్పు పట్టింది. సుత్తితో బాదబోయి ఆగాను. రోటరు ముఖం మీద మరలున్న చిన్న బెజ్జాలు రెండున్నాయి. వాటిలోకి ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టులు రెండు దించి, ఒకదానికి అర చుట్టు, ఇంకోదానికి అర చుట్టు తిప్పుతూ పోతే టక్కుమని ఊడి వచ్చింది. అంత బరువు రోటరు అంత మెత్తగా వదలడం చూస్తే, ఆ బెజ్జాలు పెట్టిన మనిషికి దణ్ణం పెట్టాలనిపించింది.

అప్పుడు నాన్నకి వీడియో కాల్ చేశాను. అక్కడ సాయంత్రం. పాత రోటరు చూపించగానే, "గట్టు తేలిందే గానీ ఇనుము బాగానే ఉందిరా, లేత్ మీద ఒక కోత పెట్టించు" అన్నాడు. అంచు మీద పోతలోనే కనీస మందం 26 మిల్లీమీటర్లని ఉంది. కొలిస్తే 26.2 వచ్చింది. కోత పెడితే 26 కిందికి పోతుందన్నాను. కాసేపు మాట్లాడలేదు. "అయితే వద్దులే. కొత్త ప్యాడు చూపించు. రివెట్లేవిరా?"

"లేవు నాన్నా, అంటించేశారు."

పెట్టె మీద మూడు ఆకుల గుర్తు కూడా చూపించాను. మూడూ పచ్చగా నిండి ఉంటే ప్యాడులో రాగి అర శాతం లోపే. అరిగిన రాగి పొడి వానకి కొట్టుకుపోయి వాగుల్లో సాల్మన్ చేపలకి హాని చేస్తుందని వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2010లో దాన్ని తగ్గించే చట్టాలు చేశాయి. లాంచెస్టర్ మొదలెట్టిన రాగి నూరేళ్ళు దాటాక ప్యాడులోంచి వెళ్ళిపోతోంది. నాన్న అరచేతి మీద రాగి రివెటు జారిన పాత మచ్చ ఉంది. తెలియకుండానే దాన్ని బొటనవేలితో రుద్దుకుంటూ విన్నాడు.

"అంచులకి ఆకురాయి పట్టావా?"

"ఫ్యాక్టరీలోనే ఏటవాలుగా కోసి పంపారు."

"అయినా ఒక్కసారి పట్టు. నాలుగు మూలలకీ సమంగా. చూస్తాను."

ఫోను టూల్ బాక్సుకి ఆనించి, మాస్కు సరిచేసుకుని, ఆకురాయి తీశాను.