పెట్టె ముందు కూర్చున్నవాడు

పద్యనాటకానికి దర్శకుడెవరని ఎవరైనా అడిగితే నేను పాత కరపత్రం ఒకటి తీసి చూపిస్తాను. కృష్ణుడి పేరు బొద్దక్షరాల్లో ఉంటుంది. దాని కింద దుర్యోధనుడు, అర్జునుడు, కర్ణుడు. సీనరీ ఎవరిదో, మేకప్ ఎవరిదో, మైక్ సెట్ ఎవరిదో కూడా వేస్తారు. అడుగున, అచ్చువాడికి చోటు మిగిలితే, హార్మోనియం ఫలానా, తబలా ఫలానా. దర్శకుడన్న మాట ఎక్కడా కనపడదు. అలాగని నాటకం దానంతటదే నడిచిందనుకోకండి. నడిపినవాడి పేరు ఆ అడుగు వరసలోనే ఉంది. నేను హార్మోనిస్టును కాబట్టి ఇలా అంటున్నానని మీకు అనిపించవచ్చు. కొంత అదీ నిజమే లెండి.

కంట్రాక్టు నాటకం చూడనివాళ్ల కోసం చెబుతాను. తిరణాలకో, శ్రీరామనవమి పందిళ్లకో ఊరివాళ్లు నాటకం అడిగితే, కంట్రాక్టరు ఒక్కో ఊరి నుంచి ఒక్కో నటుణ్ణి పిలిపించేవాడు. కృష్ణుడు విజయనగరం వైపు నుంచి, అర్జునుడు ఏలూరు నుంచి, కర్ణుడు తెనాలి నుంచి వచ్చేవారు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేది మేకప్ గదిలోనే. రిహార్సల్ ఊసే లేదు. తిరుపతి వేంకట కవుల ఉద్యోగవిజయాలు ఎవరికి మాత్రం నోటికి రావు? అయితే ఎవరికొచ్చిన పాఠం వారిది. ఒకాయన పడక సీనులో రెండు పద్యాలు ఎగరగొట్టేస్తాడు. ఇంకొకాయన రాయబారంలో తనకు అలవాటైన పద్యం అదనంగా ఎత్తుకుంటాడు. హరిశ్చంద్ర కాటి సీనులోనైతే బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి పద్యాల మధ్యలో జాషువా గారి పద్యాలు వచ్చి కూర్చున్నాయి, అవి లేకపోతే జనం ఊరుకోరు. పైగా కృష్ణుళ్లు ఇద్దరు ముగ్గురు ఉండేవారు. మొదటి కృష్ణుడు నాలుగు శ్రుతిలో పాడితే రెండో కృష్ణుడు ఐదున్నర. వీళ్లందరినీ తెల్లారేదాకా ఒక తాటి మీద నడపాలి. స్టేజీ మీంచి రాత్రంతా కదలకుండా ఉండేది హార్మోనిస్టూ తబలిస్టూ. అందులో ఏ నటుడు ఏ పద్యాన్ని ఏ రాగంలో ఎత్తుకుంటాడో ముందుగా తెలియాల్సింది హార్మోనిస్టుకే.

హార్మోనియం పెట్టె మాత్రం మన దేశపుది కాదు. 1840ల్లో పారిస్‌లో పుట్టింది. మిషనరీలతో, దొరలతో ఇక్కడికి వచ్చింది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేల మీద కూర్చుని ఒక చేత్తో తిత్తి ఆడిస్తూ రెండో చేత్తో వాయించుకునేలా చేశారు. ఆ రోజుల్లోనే, 1880 ప్రాంతంలో, ధార్వాడ నాటక కంపెనీ మన కోస్తా పట్టణాల్లో పార్శీ ఫక్కీ నాటకాలు ఆడింది. తెర, రంగుల సీనరీ, పాటల మీద పాటలు. జనం మతిపోయి చూశారు. ఆ తర్వాత ఇటు బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు పాటలూ పద్యాలూ నింపి నాటకాలు రాయడం, అటు కడప జిల్లా సురభిలో 1885లో వనారస వారు కీచకవధ ఆడి కుటుంబాలకు కుటుంబాలే నాటకంలోకి దిగడం, అంతా ఒక దశాబ్దంలోనే జరిగిపోయింది. మన పద్యంలో ఇవాళ్టికీ బేహాగ్, భీంపలాస్, హిందుస్థానీ కాపి, సింధుభైరవి వినపడుతున్నాయంటే అది ఆ కంపెనీల చలవే. కర్ణాటక సంగీతం గట్టిగా నేర్చినవాళ్లు మా పద్యాలు విని ముక్కు విరిచేవాళ్లు. మా వాళ్లు పట్టించుకోలేదు.

తంబురా ఉండగా ఈ పెట్టె ఎందుకొచ్చింది? మైకుల్లేని కాలం. పెట్రోమాక్స్ లైట్ల వెలుతురులో ఊరి బయట పొలంలో వేల మంది. తంబురా మీటితే రెండో వరసకు వినపడదు. ఫిడేలు మంచు పడేవేళకు శ్రుతి తప్పుతుంది. హార్మోనియం అలా కాదు. రాత్రి పదింటికి ఏ షడ్జమం పలికిందో, తెల్లవారుజామున నాలుగింటికీ అదే పలుకుతుంది. డబుల్ రీడ్ పెట్టె నాటుకోడిలా కూసి చివరి మనిషిని కూడా లేపుతుంది. పైగా స్టేజీ వాళ్లు వాడింది లెగ్ హార్మోనియం. తిత్తి కాలితో తొక్కుతాం కాబట్టి రెండు చేతులూ ఖాళీ. కుడి చేత్తో పద్యాన్ని వెంబడిస్తూ ఎడం చేత్తో షడ్జమ పంచమాలు పట్టి ఉంచవచ్చు.

పద్యానికి తాళం ఉండదు. ఈ సంగతి బయటివాళ్లు గమనించరు. పాటకైతే తబలా తోడుంటుంది. పద్యం ఎత్తుకోగానే తబలా ఆగిపోతుంది. ఇక నటుడూ, హార్మోనిస్టూ ఇద్దరే. సీసపద్యం అనుకోండి. మొదటి రెండు పాదాలు మధ్యస్థాయిలో నడిపి, మూడో పాదంలో మెల్లగా పైకి ఎక్కించి, ఎత్తుగీతిలో తారషడ్జమం అందుకుని, చివర రాగం తీస్తారు. ఆ రాగం ఎంతసేపన్నది నటుడి గొంతు మీద, జనం ఈలల మీద ఆధారపడి ఉంటుంది. మా గురువుగారు నాకు మొట్టమొదట చెప్పింది స్వరాలు కాదు. "ఒరేయ్, వాడి నోటి వంక చూడకు. రొమ్ము వంక చూడు," అన్నారు. ఊపిరి లోపలికి పీల్చినప్పుడు రొమ్ము ఎంత పొంగిందో చూస్తే రాబోయే సంగతి ఎంత పొడుగో తెలిసిపోతుంది. ఊపిరి చాలదనిపిస్తే అతను అందుకోబోయే స్వరాన్ని మనం అర క్షణం ముందే గట్టిగా పలికించాలి. గొంతు అక్కడిదాకా రాకపోయినా వచ్చినట్టే జనానికి వినపడుతుంది. చప్పట్లు ఆయనకు పడతాయి. గొంతు బాగా జీరబోయిన రోజైతే అడగకుండానే శ్రుతి ఒక మెట్టు దించి ఎత్తుగడ ఇస్తాం. దించిన సంగతి ఆయనకు తెలుస్తుంది. తెల్లారాక టీ కొట్టు దగ్గర తన టీ డబ్బులతో పాటు మనవీ ఇచ్చేస్తాడు, అంతే. ఆ విషయం ఎవరూ ఎత్తరు.

వన్స్ మోర్ అని జనం అరిస్తే మళ్లీ పాడించాలా వద్దా అన్నదీ పెట్టె దగ్గరే తేలుతుంది. నేను షడ్జమం పట్టుకునే ఉంటే మళ్లీ ఎత్తుకుంటాడు. పెట్టె ఆపి తబలా వంక తల ఊపితే మాటలోకి దిగుతాడు. రెండో కృష్ణుడికి కిరీటం ఇంకా కట్టలేదని వింగులోంచి సైగ వస్తే తెర దింపించి ఒక సోలో వాయించేస్తాం.

ఈ ఆగడం అందరికీ నచ్చలేదు. బళ్ళారి రాఘవ గారు నాటకంలో సంగీతం మితిమీరడాన్ని గట్టిగా వ్యతిరేకించారు. చనిపోతున్న పాత్ర వన్స్ మోర్ కోసం లేచి కూర్చుంటే ఆయనకేమిటి, ఎవరికి మాత్రం ఒళ్లు మండదు? పీసపాటి నరసింహమూర్తి గారి లాంటి వారు రాగం తగ్గించి మాట విరుపుతో జనాన్ని కట్టిపడేశారు. అలాంటి పద్యానికి వాయించడమే అసలు కష్టం. రాగం తీసేవాడి వెంట పరుగెత్తితే సరిపోతుంది. మాట పలికేవాడి కింద మెత్తగా శ్రుతి పరిచి ఊరుకోవాలి, ఊరుకోవడం చేతులకు అంత తొందరగా అబ్బదు.

అసలు దెబ్బ ఇంకోచోట తగిలింది. గమకం పలకదనీ, పాశ్చాత్య స్వరాలకు బిగించిన పెట్టె అనీ 1940 మార్చిలో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. 1948లో విజయవాడ స్టేషను తెరిచేనాటికీ ఆ నిషేధం ఉంది. 1971 దాకా సడలలేదు. ఆ మూడు దశాబ్దాల్లోనే కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో కంట్రాక్టు నాటకాలు రాత్రుళ్లు హోరెత్తాయి. గమకం గురించి వాళ్లన్నది అబద్ధం కాదు, మెట్ల మధ్య జారడం ఈ పెట్టెకు రాదు. కాకపోతే వాళ్లు సంగీత కచేరీ కొలతతో నాటకాన్ని కొలిచారు. గ్రామఫోను కంపెనీలకు అలాంటి పట్టింపు లేదు. మూడు నిమిషాల ప్లేటులో పద్యమూ, పెట్టె మోతా కలిపే అమ్ముకున్నాయి.

సినిమా వచ్చి ఈ అడుగు వరసవాళ్లను పై వరసకు తెచ్చింది. మరాఠీలో ఇది ముందే జరిగింది. 1911లో మానాపమాన్ నాటకానికి బాణీలు కట్టిన హార్మోనిస్టు గోవిందరావు టెంబే 1932లో అయోధ్యేచా రాజా సినిమాకు సంగీతం చేశారు. మన దగ్గర కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాలకు సంగీతం కూర్చిన ఆదినారాయణరావు గారు అనార్కలి, సువర్ణసుందరి దాకా వెళ్లారు. కృష్ణా జిల్లా వణుకూరులో పుట్టి నాటకాల్లో హార్మోనియం వాయించిన పెండ్యాల నాగేశ్వరరావు గారు 1948లో ద్రోహితో సంగీత దర్శకులయ్యారు. శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ పాట ఒకటుంది. ముత్తరాజు సుబ్బారావు గారు రాసింది కాదు, స్థానం నరసింహారావు గారు తన వేషం కోసం తనే రాసుకుని పాడింది. 1966లో ఆ నాటకం సినిమాగా వస్తే సంగీతం పెండ్యాల గారిదే. స్టేజీ పాటను సినిమాకెక్కించడానికి స్టేజీ తెలిసిన చెయ్యే కావలసి వచ్చింది. సంగీత దర్శకుడు అన్న గౌరవం మద్రాసులో దొరికింది గానీ, పని మాత్రం ఇక్కడ పందిట్లో నేర్చుకున్నదే: పాడేవాడి గొంతెంతో చూసి శ్రుతి పెట్టడం, సీను చూసి రాగం ఎంచడం, ఎక్కడ ఆపాలో తెలియడం.

ఇప్పుడు నాటకాలకు కీబోర్డు వచ్చింది. నేనేమీ ఏడవను. ఆరున్నర కేజీలో ఏడు కేజీలో ఉండే దాన్ని భుజాన వేసుకుని కుర్రాడు బండి మీద వెళ్లిపోతున్నాడు. మేం లెగ్ హార్మోనియాన్ని బస్సు టాపు మీదికి ఎక్కించడానికి క్లీనరును బతిమాలుకునేవాళ్లం. శ్రుతి మార్చాలంటే అతనికి ఒక బటను చాలు. ఉరుము కావాలంటే ఉరుము, శంఖం కావాలంటే శంఖం. చిక్కల్లా ఒకటే, బటను నొక్కేటప్పుడు కళ్లు కిందికి దిగుతాయి. మొన్న తెనాలిలో రాయబారం సీనుకు అలాంటి కుర్రాడి పక్కనే కూర్చున్నాను. కృష్ణుడు ఎత్తుగీతిలో ఊపిరి చాలక తడబడ్డాడు, కుర్రాడు చూడలేదు. పద్యం అయ్యాక మోకాలి మీద తట్టి, "ఆయన రొమ్ము చూడు బాబూ," అన్నాను. ఈ ముసలాయనకు ఏమైందన్నట్టు నా వంక చూశాడు. తర్వాతి పద్యానికి మాత్రం తలెత్తే వాయించాడు.