మందుల షాపు మీది ఎర్ర ప్లస్ ఎక్కడిది?

మాదాపూర్, కొండాపూర్ వీధుల్లో మందుల షాపుల మీద, ప్రైవేటు అంబులెన్సుల మీద తెలుపు మీద ఎర్ర ప్లస్ కనబడుతుంటుంది. నిజానికి అది రెడ్‌క్రాస్ గుర్తు, దాన్ని అలా వాడకూడదు. కేంద్రం అనుమతి లేకుండా రెడ్‌క్రాస్ గుర్తు వాడితే 500 రూపాయల దాకా జరిమానా అని 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం రాసిపెట్టింది. హైటెక్ సిటీలో ఇద్దరు బిర్యానీ తింటే అంతకన్నా ఎక్కువే అవుతుంది, అది వేరే సంగతి.

ఆ గుర్తు పుట్టింది యుద్ధం కోసం. 1859 జూన్ 24న ఇటలీలోని సోల్ఫెరినో దగ్గర ఫ్రాన్స్, సార్డీనియా సేనలు ఒకవైపు, ఆస్ట్రియా సేన ఒకవైపు తలపడ్డాయి. వ్యాపారం పని మీద అటు వచ్చిన జెనీవావాసి హెన్రీ డ్యునాంట్, దిక్కులేక పడివున్న వేలమంది క్షతగాత్రులను చూశాడు. పక్కనున్న కాస్తిలియోనె ఊరి ఆడవాళ్లను కూడగట్టుకుని, ఎవరి సైనికుడని అడగకుండా కట్లు కట్టించాడు. 1862లో ఆ అనుభవాన్ని పుస్తకంగా అచ్చేశాడు. రెండేళ్లకు, 1864 ఆగస్టులో, 12 దేశాలు తొలి జెనీవా ఒప్పందం మీద సంతకం చేశాయి. తెల్లగుడ్డ మీద ఎర్ర శిలువ అప్పుడే ఖాయమైంది. తుపాకీ పట్టినవాడికి దూరం నుంచే కనబడాలి, అక్కడ కాల్చకూడదని తెలియాలి. దాని పనల్లా అదే.

కంప్యూటర్ల మీద దాడి చేసే మాల్‌వేర్‌కు మాత్రం ఆ శిలువను చూసే కళ్లుండవు. యుద్ధ బాధితులకు సాయపడే అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ సర్వర్లలోకే ఎవరో చొరబడ్డారని 2022 జనవరిలో బయటపడింది. యుద్ధాల్లాంటి ఆపదల్లో తప్పిపోయినవాళ్లు, వాళ్ల బంధువులు, నిర్బంధంలో ఉన్నవాళ్లు కలిపి 5,15,000 మందికి పైగా వివరాలు బయటివాళ్ల చేతికి చిక్కాయి. అదే ఏడాది నవంబరులో కమిటీ ‘డిజిటల్ చిహ్నం’ ఆలోచనను నివేదికగా ప్రకటించింది. ఆసుపత్రి సర్వర్‌కో, డొమైన్ పేరుకో ఒక ముద్ర ఉంటుంది. దాడికి దిగే సైన్యం సాఫ్ట్‌వేర్ దాన్ని చదివి తప్పుకోవాలి. ముద్ర వేయడమంటే దుర్మార్గుడికి దారి చూపడమే కదా అన్న అభ్యంతరం ఉంది. గుడ్డ మీది శిలువకూ ఆ ప్రమాదం ఎప్పుడూ ఉన్నదే.

అసలు చిక్కు క్లౌడ్‌తో. ఆసుపత్రి రికార్డులు, సైన్యం ఫైళ్లు ఒకే డేటా సెంటర్‌లో ఉంటే గీత ఎక్కడ గీస్తారు? డేటా సెంటర్లు కట్టుకున్న హైదరాబాద్‌కు ఇది దూరపు ప్రశ్నేమీ కాదు. 1998 నుంచి ఇక్కడ ఇంజనీర్లను పెట్టుకున్న మైక్రోసాఫ్టే, కంపెనీ అధ్యక్షుడు బ్రాడ్ స్మిత్ నోట, 2017లో ‘డిజిటల్ జెనీవా ఒప్పందం’ కావాలంది. 2025 మేలో భారత్–పాక్ ఘర్షణ రోజుల్లో రెండువైపులా హ్యాకర్ గుంపులు దాడులు చేశామని చెప్పుకున్నాయి. అలాంటి పౌర హ్యాకర్ల కోసం రెడ్‌క్రాస్ కమిటీ 2023లోనే ఎనిమిది నియమాలు ప్రకటించి ఉంది. వైద్య సదుపాయాల జోలికి పోవద్దన్నది అందులో ఒకటి.

ఆ డిజిటల్ చిహ్నం సాంకేతిక రూపం మీద ఇప్పుడు ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఇటిఎఫ్‌లో పని నడుస్తోంది. అక్కడ సభ్యత్వమంటూ ఉండదు. గచ్చిబౌలి ఇంజనీరు కూడా ముసాయిదా చదివి అభిప్రాయం పంపవచ్చు.