దుర్గమ్మ ముక్కుపుడక, స్పఘెట్టి చెట్లు, ఒక 'అట'

మాక్యుమెంటరీ అంటే తెలుసు కదా? కట్టుకథకి డాక్యుమెంటరీ వేషం వేయడం. గంభీరమైన గొంతు, మ్యాపు, ఒక నిపుణుడు... నిజం తప్ప అన్నీ ఉంటాయి. వీటిలో బాగా పేరుపడ్డది 1957 ఏప్రిల్ 1న బీబీసీ 'పనోరమా'లో వచ్చిన మూడు నిమిషాల కథనం. స్విట్జర్లాండులో చెట్లకి స్పఘెట్టి కాసిందనీ, ఆడవాళ్ళు కోసి ఎండబెడుతున్నారనీ చూపించారు. ఆ చెట్టు ఎలా పెంచాలో చెప్పమని జనం బీబీసీకి ఫోన్లు చేశారు :)

అదే 1957లో మన బెజవాడలో ప్రకాశం బ్యారేజి పూర్తయింది. 1855లో కట్టిన పాత ఆనకట్టకి 1952లో గండి పడితే, దాని బదులు కట్టింది. ఈ రెండిటికీ సంబంధం లేదనుకోండి. కానీ ఆ బ్యారేజి పక్క కొండ మీదే మన సొంత కథ ఒకటుంది. కృష్ణ పొంగి కనకదుర్గమ్మ ముక్కుపుడకని తాకుతుందట, అప్పుడు యుగాంతమట. బ్రహ్మంగారి కాలజ్ఞానం పేరు మీద ఇది తరాలుగా చెలామణీ అవుతోంది.

ఆ 'అట' ని గమనించారా? ఇంగ్లీషువాడు దీనికి ఒక వాక్యం ఖర్చుపెట్టాలి. మనకి రెండక్షరాలు చాలు: "ఇది నేను చూసింది కాదు, విన్నది". మన భాషలో ఊరికే దొరికే మెటాడేటా అన్నమాట. కథ చెప్పిన ముసలమ్మ కూడా 'అట' లేకుండా చెప్పేది కాదు.

2009 అక్టోబరు 2న కర్నూలు మునిగింది. 5న ప్రకాశం బ్యారేజి దగ్గర వరద 11.10 లక్షల క్యూసెక్కులకి చేరింది. అప్పటికి అదే రికార్డు. నేనప్పుడు స్కూల్లో ఉన్నా. ఒక ఛానెల్లో గ్రాఫిక్స్ నీళ్ళు కొండెక్కి అమ్మవారి ముఖం దాకా వచ్చాయి, వెనక మోగే గొంతు మారలేదు. అంతకుముందు అదే గొంతు క్యూసెక్కుల లెక్క చదివింది. మధ్యలో 'అట' ఎక్కడో జారిపోయింది. మా వీధిలో కొందరు నిజంగానే భయపడ్డారు.

కొంచెం ఇంజనీరింగ్ బుర్రతో చూద్దాం. నీళ్ళు కొండెక్కాలంటే ముందు చుట్టూ ఉన్న పల్లాన్ని నింపాలి. బ్యారేజి దిగువన సముద్రం దాకా చాపలా పరుచుకున్న డెల్టా. గుడి మెట్లెక్కేలోగా ఆ నీరు ఊళ్ళ మీద పరుచుకుంటుంది. అంటే అసలు ప్రమాదం ఎత్తున లేదు, పల్లంలో ఉంది. గ్రాఫిక్స్ మాత్రం మన చూపుని ఎత్తుకే తిప్పాయి.

ఆ మరుసటి నెలలోనే '2012' సినిమా వచ్చింది. ప్రచారం కోసం లేని పరిశోధనా సంస్థకి ఉన్నట్టే వెబ్‌సైటు పెట్టారు. యుగాంతం ఏమీ లేదని నాసా వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. కాబట్టి ఇది మనవాళ్ళ అమాయకత్వం మాత్రమే కాదు.

ఇక 2024 సెప్టెంబరు 2. బ్యారేజి దగ్గర సుమారు 11.43 లక్షల క్యూసెక్కులు, కొత్త రికార్డు. అమ్మవారి ముక్కుపుడక భద్రంగానే ఉంది. మునిగింది సింగ్‌నగర్. ముంచింది కృష్ణ కాదు, బుడమేరు! మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకి పోయే ఏరు. దాని వరదని వెలగలేరు దగ్గర మళ్ళించి కృష్ణలో కలిపే కాలువ ఉంది. కృష్ణే నిండుగా ఉంటే ఆ కాలువ నీళ్ళు ఎక్కడికి పోతాయి? గట్లకి గండ్లు పడ్డాయి, లక్షలమంది రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయారు.

ముక్కుపుడక కథలో బుడమేరుకి పాత్రే లేదు. నాకు బాధ అక్కడే. కథతో నాకు పేచీ లేదు, అందమైన కథ. దాన్ని వార్తలా చూపిస్తే, అసలు వార్తకి దక్కాల్సిన కంగారు కథకి దక్కుతుంది. నీటిమట్టాల లెక్కా, గట్ల పరిస్థితీ చూపిస్తే ఎవరూ ఛానెల్ ఆపి కూర్చోరు మరి.

స్పఘెట్టి కథకి కనీసం ఏప్రిల్ 1 అనే తారీఖు ఉంది. మన వాట్సాప్ వీడియోలకి అదీ లేదు. ఈసారి ఏదైనా ఫార్వర్డ్ చేసేముందు చివర ఒక 'అట' తగిలించి చదివి చూడండి. సగం వీడియోలు అక్కడే తేలిపోతాయి. ఏమంటారు?