సముద్రంలో విమానం గల్లంతైతే.. వెతికేదెవరు? ఖర్చు ఎవరిది?

2016 జులై 22 ఉదయం. చెన్నై సమీపంలోని తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు బయల్దేరిన వాయుసేన ఏఎన్-32 రవాణా విమానం బంగాళాఖాతంపై గల్లంతైంది. అందులో ఉన్నది 29 మంది. వారిలో ఎనిమిది మంది విశాఖపట్నంలోని నౌకాదళ ఆయుధ డిపోలో పనిచేసే సివిల్ ఉద్యోగులు. ఆ విమానానివిగా భావిస్తున్న శకలాల ఫొటోలు బయటికొచ్చింది 2024 జనవరిలో. అంటే ఏడున్నరేళ్ల తర్వాత!

అంత ఆలస్యం ఎందుకు?

విమానంలోని అత్యవసర ట్రాన్స్‌మిటర్ ఉపగ్రహానికి రేడియో సంకేతం పంపుతుంది. కానీ అది నీళ్లలో మునిగితే ఆ సంకేతం పైకి రాదు. సముద్రంలో దూరం వెళ్లగలిగేది శబ్దం ఒక్కటే. అందుకే బ్లాక్‌బాక్స్‌కు ‘పింగ్’ మనే బీకన్ అమరుస్తారు. అప్పట్లో దాని బ్యాటరీ 30 రోజులే పనిచేసేది. ఇప్పుడు 90 రోజులు ఉండాలన్నది నిబంధన.

ఏఎన్-32 కోసం నౌకాదళం, కోస్ట్‌గార్డ్, వాయుసేన వారాల తరబడి గాలించాయి. సాగర్ నిధి, సముద్ర రత్నాకర్ పరిశోధన నౌకలనూ దించారు. చివరికి జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్‌ఐఓటీ) పంపిన మానవరహిత జలాంతర వాహనం చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున శకలాలను ఫొటో తీసింది. గజ ఈతగాళ్లు వెళ్లగలిగే లోతు కాదది. అక్కడి నీటి ఒత్తిడి భూమ్మీద గాలి ఒత్తిడికి 340 రెట్లు. ఆ ప్రాంతంలో మరే విమానమూ గల్లంతైన రికార్డు లేదు కాబట్టి అవి బహుశా ఏఎన్-32వే కావచ్చని రక్షణశాఖ తెలిపింది.

బిల్లు ఎంత?

2014లో మాయమైన మలేసియా విమానం ఎంహెచ్370 కోసం 1.20 లక్షల చదరపు కిలోమీటర్ల సముద్రగర్భాన్ని జల్లెడ పట్టారు. మన తెలంగాణ కంటే పెద్ద ప్రాంతం అది. అయిన ఖర్చు దాదాపు 20 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు, అప్పటి లెక్కలో సుమారు వెయ్యి కోట్ల రూపాయలు. మలేసియా, ఆస్ట్రేలియా, చైనా భరించాయి. విమానం మాత్రం దొరకలేదు. ఆ తర్వాత ఓషన్ ఇన్ఫినిటీ అనే ప్రైవేటు సంస్థతో ‘దొరికితేనే డబ్బులు’ అనే ఒప్పందం కుదిరింది. 2025లో ఆ మొత్తాన్ని 7 కోట్ల అమెరికన్ డాలర్లుగా ఖరారు చేశారు.

మన దగ్గర సముద్రంలో గాలింపు, రక్షణ చర్యల సమన్వయం కోస్ట్‌గార్డ్‌ది. ముంబయి, చెన్నై, పోర్ట్‌బ్లెయిర్‌లలో కేంద్రాలున్నాయి. అత్యవసర నంబరు 1554. ప్రాణాలు కాపాడే ఈ దశకు కుటుంబాల నుంచి పైసా వసూలు చేయరు. ఆ తర్వాత శకలాల కోసం వెతకడం దర్యాప్తులో భాగం. అంతర్జాతీయ జలాల్లో పౌర విమానం కూలితే, అది ఏ దేశంలో రిజిస్టరైతే ఆ దేశానిదే దర్యాప్తు బాధ్యత.

సముద్రాలపై ఎగిరే పెద్ద ప్రయాణికుల విమానాల స్థానాన్ని కనీసం 15 నిమిషాలకోసారి నమోదు చేయాలన్న నిబంధన 2018 నవంబరులో వచ్చింది. పావుగంటలో జెట్ విమానం 200 కిలోమీటర్లు దాటేస్తుందన్నది వేరే సంగతి.

కుటుంబాల పరిస్థితి?

మృతదేహం లేకపోతే మరణ ధ్రువీకరణ పత్రం దగ్గరే చిక్కు మొదలవుతుంది. పింఛను, బీమా, బ్యాంకు ఖాతా.. అన్నిటికీ అదే కావాలి. ఏడేళ్లపాటు ఆచూకీ లేకపోతే మరణించినట్లు భావించవచ్చన్నది సాధారణ చట్టం. ఏఎన్-32లోని 29 మంది విషయంలో అంతకాలం ఆగలేదు. వారు మరణించినట్లుగా భావిస్తున్నామని 2016 సెప్టెంబరులోనే కుటుంబాలకు తెలిపారు. శకలాల ఫొటోలు వచ్చేసరికి ఆ ఏడేళ్ల గడువూ దాటిపోయింది.